ఈశ్వరీబాయి గారి మాట బడి పిల్లల దాకా రావాలి: శాసనసభాపతి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ శాసనసభ గౌరవ సభాపతి గారికి, శాసనసభ సచివాలయ అధికారులకు

నమస్కారములు.

నేను సికింద్రాబాద్‌లోని చిలకలగూడ నివాసిని. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఈ లేఖ ఒకే ఒక విన్నపం కోసం రాస్తున్నాను. 1952 మొదలుకొని మన నియోజకవర్గాల నుంచి శాసనసభకు ఎన్నికైన ప్రతి ఒక్కరికీ తెలుగులో ఒక పూర్తి చరిత్ర పుట ఉండాలని, అందులో గెలుపులతో పాటు ఓటములు కూడా, వచ్చిన ఓట్లతో పాటు సభలో మాట్లాడిన మాటలు కూడా ఉండాలని, ఆ పుటను తొమ్మిదో తరగతి పిల్ల ఎవరి సాయం లేకుండా చదువుకోగలగాలని నా కోరిక. ఆ పని, ఎల్లారెడ్డి నుంచి రెండుసార్లు శాసనసభకు ఎన్నికైన జెట్టి ఈశ్వరీబాయి గారితో మొదలుపెట్టమని ప్రార్థిస్తున్నాను. ఆమెతోనే ఎందుకు మొదలుపెట్టాలో చెప్పడానికి కాస్త వివరంగా రాయక తప్పడం లేదు.

నా ఉద్యోగం చివరి సంవత్సరంలో తొమ్మిదో తరగతికి 'మన ప్రాంత ప్రజాప్రతినిధి' అనే ప్రాజెక్టు పని ఇచ్చాను. చాలామంది పిల్లలు అప్పుడు పదవిలో ఉన్నవారిని ఎంచుకుని, ఫ్లెక్సీల్లో కనిపించే ఫోటోలు అతికించి తెచ్చారు. ఒక అమ్మాయి మాత్రం ఈశ్వరీబాయి గారిని ఎంచుకుంది. ఎందుకమ్మా అని అడిగితే, మారేడుపల్లిలో రోజూ బస్సులోంచి ఆమె విగ్రహం కనిపిస్తుందని, ఆవిడ ఎవరో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియలేదని చెప్పింది. ఆ అమ్మాయి తెల్ల చార్టు మీద స్కేలు పెట్టి ఆరు గడులు గీసింది. ఏడాది, నియోజకవర్గం, పార్టీ, ప్రత్యర్థి, ఓట్లు అని అయిదు గడులకు నీలం స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి, ఆరో గడికి మాత్రం ఎర్ర పెన్నుతో 'సభలో ఏం మాట్లాడారు?' అని ప్రశ్న గుర్తు పెట్టి మరీ రాసింది. మొదటి అయిదు గడులు నింపడానికి నేను సాయం చేశాను. ఆరో గడి దగ్గర ఇద్దరమూ ఆగిపోయాం.

ఆ అయిదు గడుల్లో మేము ఏం రాశామో ముందు చెప్తాను. ఈశ్వరీబాయి గారు 1918 డిసెంబరు 1న చిలకలగూడలో ఒక మాల కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే పెళ్లయింది. భర్త పోయిన తరువాత కూతురితో పుట్టింటికి తిరిగి వచ్చి, పరోపకారిణి బాలికల పాఠశాలలో పంతులమ్మగా పని చేశారు. తరువాత చిలకలగూడలోనే గీతా విద్యాలయం పేరుతో సొంతంగా బడి పెట్టారు. అంబేడ్కర్ ఆలోచనలతో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌లోకి వచ్చారు. 1951లో సికింద్రాబాద్ పురపాలక ఎన్నికల్లో చిలకలగూడ వార్డు నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచారు. అప్పటికి సికింద్రాబాద్‌కు వేరే కార్పొరేషన్ ఉండేది. అది 1960లో హైదరాబాద్‌లో కలిసింది. భర్త లేని స్త్రీ, అందులోనూ దళిత స్త్రీ, వెనక పెద్ద పార్టీ లేకుండా గడప గడపకూ తిరిగి ఓటు అడిగి గెలిచిన సంవత్సరం అది. మొదటి సార్వత్రిక ఎన్నికలు ఇంకా పూర్తి కాని రోజులవి. మా చార్టులో అది ఒక్క గీత. నా దృష్టిలో మాత్రం ఆమె ఎన్నికల జీవితంలో అన్నిటికన్నా కష్టమైన గెలుపు అదే. పిల్లలకు పంతులమ్మగా ఆమెను ఎరిగిన గల్లీలే ఆ ఓట్లు వేశాయి. నేనూ ఆ గల్లీల్లో పాఠాలు చెప్పిన మనిషినే కాబట్టి, పిల్లల తల్లిదండ్రుల నమ్మకం ఎంత నెమ్మదిగా కూడుతుందో నాకు తెలుసు.

ఇక 1967. ఆ ఏడాది ఫిబ్రవరిలో జరిగిన ఎన్నికల్లో, అప్పుడు నిజామాబాద్ జిల్లాలోనూ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోనూ ఉన్న ఎల్లారెడ్డి నియోజకవర్గంలో, రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా ఈశ్వరీబాయి గారు కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించారు. ఆ కాంగ్రెస్ అభ్యర్థి టి.ఎన్. సదాలక్ష్మి గారు. మా చార్టులో 'ప్రత్యర్థి' అన్న గడిలో ఈ పేరు రాస్తుంటే ఆ అమ్మాయి "ఈవిడ ఎవరు టీచర్?" అని అడిగింది. దానికి జవాబు చెప్పడానికి నాకు ఆ రోజు రెండు పీరియడ్లు పట్టింది.

సదాలక్ష్మి గారు 1928 డిసెంబరు 25న సికింద్రాబాద్ దగ్గర బొల్లారంలో పుట్టారు. పారిశుద్ధ్య పనితో బతికే కుటుంబం. 1957లో కామారెడ్డి నుంచి, 1962లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. శాసనసభ ఉపసభాపతిగా ఆ కుర్చీలో కూర్చున్నారు. దేవాదాయ శాఖ మంత్రిగానూ పని చేశారు. తరతరాలుగా గుడి మెట్లు ఎక్కనివ్వని కులంలో పుట్టిన స్త్రీ చేతికి రాష్ట్రంలోని గుళ్ల పరిపాలన వచ్చింది. ఈ ఒక్క వాక్యం పాఠ్యపుస్తకంలో ఉంటే పిల్లలకు మరో పాఠం అక్కర్లేదని నేను తరగతిలో చాలాసార్లు అనుకున్నాను.

అంటే 1967లో ఎల్లారెడ్డి ఓటరు ముందు ఇద్దరు దళిత స్త్రీలు నిలబడ్డారు. ఇద్దరూ సికింద్రాబాద్ వాళ్లే. ఒకరికి నలభై ఎనిమిదేళ్లు, ఇంకొకరికి ముప్పై ఎనిమిది. ఒకరిది మాల కుటుంబం, మరొకరిది మాదిగ నేపథ్యం. ఒకరు అధికార పార్టీలో ఉపసభాపతి స్థానం దాకా ఎదిగినవారు, మరొకరు అంబేడ్కర్ పేరు మీద నిలిచిన చిన్న పార్టీ మనిషి. సొంత ఊరికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, మంజీరా తీరపు పల్లెల్లో ఇద్దరూ పోటీపడ్డారు. ఆ ఎన్నికల్లో 287 స్థానాలున్న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కాంగ్రెస్ 165 గెలిచింది. గాలి కాంగ్రెస్ వైపు ఉన్నప్పుడే ఎల్లారెడ్డి ఎదురు నిలబడింది. ఎన్నికల ఫలితాల పట్టికలో ఇది రెండు పేర్లు, రెండు అంకెలు. ఆ ఎన్నిక మీద తెలుగులో ఒక మంచి వ్యాసం చదవాలని నేను ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

ఇందులో మరొక మలుపు ఉంది. రెండేళ్లు తిరగకుండానే 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఎల్లారెడ్డిలో ఒకరినొకరు ఓడించుకోవాలని చూసిన ఈ ఇద్దరూ తెలంగాణ ప్రజా సమితిలో ఒకే వైపు నిలబడ్డారు. నేను అప్పుడు చిన్నపిల్లను. బడులు మూసేశారు. మా అన్నయ్యకు ఒక విద్యా సంవత్సరం పోయింది. మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఒక సభకు తీసుకెళ్లారు. వేదిక మీద ఎవరున్నారో, ఏం మాట్లాడారో నాకు తెలియదు. జనం ఒక్కసారిగా "జై తెలంగాణ" అన్నప్పుడు నాన్న ఛాతీ అదరడం మాత్రం నా కాళ్లకు తెలిసింది. అది ఇప్పటికీ మరచిపోలేదు. ఓడినవారూ గెలిచినవారూ ఒకే జెండా కింద నిలిచిన ఈ కథ గెలుపుల జాబితా చూస్తే దొరకదు. సదాలక్ష్మి గారి పేరు పక్కన '1957, 1962' అని మాత్రమే రాసి ఊరుకుంటే 1967 పోటీ కనబడకుండా పోతుంది. ఆమె వార్ధక్యంలో, ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ కోరిన మాదిగ దండోరా ఉద్యమం వెంట నిలబడ్డారన్న సంగతి అసలే తెలియదు. అందుకే సభ్యుల పుటల్లో ఓటములు కూడా ఉండాలని అడుగుతున్నాను. ఓటమి రాయడం ఎవరినీ తక్కువ చేయడం కాదు.

1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రజా సమితి తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అలా కలవడానికి ఒప్పుకోని కొద్దిమంది సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పేరుతో మిగిలారు. ఈశ్వరీబాయి గారు వారితో ఉన్నారు. 1972లో కాంగ్రెస్ 287లో 219 స్థానాలు గెలుచుకుని మిగతా పార్టీలను దాదాపు తుడిచిపెట్టిన ఎన్నికల్లో, ఆమె మళ్లీ ఎల్లారెడ్డి నుంచే గెలిచి సభకు వచ్చారు. అధికారంలోకి వెళ్లే దారి ఎదుట తెరిచి ఉండగా, ఆ దారిన వెళ్లకుండా ఓటరు దగ్గరకే తిరిగి వెళ్లి గెలవడం ఎంత గట్టి విషయమో రాజకీయాలు ఎరిగినవారికి నేను చెప్పనక్కర్లేదు. పార్టీ మారడం గురించి ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్న మనకు ఈ 1972 ఫలితం తెలిసి ఉండాలి.

ఆ సభ అయిదేళ్లకు ముగియలేదు. అత్యవసర పరిస్థితి కాలంలో సభల గడువు పెంచినందువల్ల తరువాతి ఎన్నికలు 1978లో వచ్చాయి. ఆ మధ్యలో 1973లో రాష్ట్రపతి పాలన కూడా గడిచింది. 1978 నాటికి ఎల్లారెడ్డి షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన స్థానంగా లేదు, జనరల్ స్థానమైంది. ఈ మాట తెలియనివారు జాబితా చూసి, 1972 తరువాత ఈశ్వరీబాయి పేరు ఎల్లారెడ్డిలో లేదు కనుక అక్కడి ప్రజలు ఆమెను వద్దనుకున్నారేమో అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నియోజకవర్గం స్వరూపమే మారిపోయిందని తెలిశాక నా మీద నాకే కోపం వచ్చింది. ఎన్ని తరగతులకు ఆ సగం సత్యం చెప్పి ఉంటానో కదా!

ఎన్నికల అంకెలను వాటి కాలంలో పెట్టి చదవాలి. ఈ సంగతి నేను పిల్లలకు ఎప్పుడూ కమ్యూనిస్టు నాయకుడు రవి నారాయణరెడ్డి గారి ఉదాహరణతో చెప్పేదాన్ని. 1952లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఆయనకు 3,09,162 ఓట్లు వచ్చాయని, అవి జవహర్‌లాల్ నెహ్రూ గారికి వచ్చిన 2,33,571 కన్నా ఎక్కువని మన దగ్గర ప్రతివారికీ తెలుసు, మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే ఆ రెండూ ద్విసభ్య స్థానాలని ఎవరూ చెప్పరు. అంటే ఒక్కొక్క ఓటరు చేతిలో రెండేసి ఓట్లు, గెలిచేవారు ఇద్దరేసి. అందువల్ల నల్లగొండను ఇవాళ్టి ఏకసభ్య స్థానంతో పోల్చడం పొరపాటు, నెహ్రూ గారి స్థానంతో పోల్చడం మాత్రం సరైన పోలికే. ఈ ద్విసభ్య పద్ధతి 1961 చట్టంతో పోయింది. 1952లోనూ 1957లోనూ ఓటు వేసే తీరు కూడా వేరు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండేది, దాని మీద గుర్తు అతికించి ఉండేది, కాగితం మీద ముద్ర వేయకుండా నచ్చిన పెట్టెలో వేసి వచ్చేవారు. మా అమ్మమ్మ దాన్ని 'పెట్టెల ఓటు' అనేది. ఇలాంటి నాలుగు మాటలు అంకె పక్కనే రాసి ఉంటే పిల్లలకు అంకె అర్థమవుతుంది. లేకపోతే అది పరీక్ష కోసం బట్టీ పట్టే మరొక సంఖ్య.

ఎన్నికల సంఘం మొదటి ఎన్నికల నుంచి ప్రతి శాసనసభ ఎన్నికకూ గణాంక నివేదిక ప్రచురించింది. అభ్యర్థులు, పార్టీలు, ఓట్లు, ఓటర్ల సంఖ్య అన్నీ వాటిలో ఉన్నాయి. మేము చార్టులో అయిదు గడులు నింపింది చాలావరకు వాటితోనే. ఆ పని చేసినవారికి దండం పెట్టాలి. అయితే ఆ నివేదికలు ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లినప్పుడు ఈశ్వరీబాయి ఒకచోట ఒకలా, మరొకచోట మరొకలా మారిపోతుంది. ఇంటిపేర్లు పొడి అక్షరాలవుతాయి. ఏ పేరు ఎవరిదో తెలిసిన పెద్దవాళ్లు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఆ పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఇప్పుడు ఆరో గడి సంగతికి వస్తాను. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి, ఇత్తడి చెంబులు దొంగిలించాడన్న నెపం మోపి, కట్టేసి సజీవంగా తగలబెట్టారు. ఆ ఘోరం మీద శాసనసభలో ఈశ్వరీబాయి గారు తీవ్రంగా మాట్లాడారని, హరిజనుల గురించి ఒక మంత్రి నీచంగా మాట్లాడారన్న ఆరోపణ వచ్చినప్పుడు ఆమె చెప్పు చూపించి హెచ్చరించారని మా వాడలో ఈనాటికీ చెప్పుకుంటారు. నేను చిన్నప్పటి నుంచీ ఈ కథ వింటున్నాను. చిలకలగూడలో ఇద్దరిని అడిగితే మూడు రకాలుగా చెబుతారు. సభ లోపలే చెప్పు తీశారని ఒకరంటారు. కాదు, బయట సభలో అన్నారని మరొకరంటారు. మాటతోనే అన్నారు గానీ చేతితో చూపించలేదని ఇంకొకరు వాదిస్తారు. ఆ అమ్మాయి వాళ్ల తాతను అడిగి వచ్చి, తన చార్టులో ఆరో గడిలో "చెప్పు" అని పెన్సిలుతో రాసింది. నేను దాన్ని చూసి చాలాసేపు ఏమీ అనలేకపోయాను. ఇన్నేళ్లు సభలో కూర్చుని దళితుల భూముల గురించి, హాస్టళ్ల గురించి, ముల్కీ ఉద్యోగాల గురించి, అంటే స్థానికులకు దక్కాల్సిన ఉద్యోగాల గురించి, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడిన మనిషికి మన జ్ఞాపకంలో మిగిలింది ఆ ఒక్క మాటేనా? ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపానికి ముందూ వెనకా ఆమె ఏ వాదన చెప్పారో, ఏ లెక్కలు అడిగారో, ప్రభుత్వం ఏం జవాబు ఇచ్చిందో తెలియకపోతే, ఒక శాసనసభ్యురాలిని మనం ఒక సంఘటనగా మార్చేసినట్టే అవుతుంది.

అసలు మాట ఎక్కడుందో మనకు తెలుసు. సభలో పలికిన ప్రతి మాటనూ సంక్షిప్తలేఖకులు రాసుకున్నారు, అది చర్చల సంపుటాల్లో అచ్చయింది. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని నగరంలోని ఒక పాత గ్రంథాలయానికి వెళ్లాను. ఆ గ్రంథాలయం పేరు చెప్పి అక్కడి సిబ్బందిని నొప్పించడం నా ఉద్దేశం కాదు, వారు మాకు చేతనైనంత సాయం చేశారు. అటక మీది కట్టల్లోంచి 1968 నాటి రెండు సంపుటాలు దించి ఇచ్చారు. గట్టి అట్ట, వెన్నుపట్టీ ఊడిపోయి దారాలు బయటికి వచ్చాయి. పుట తిప్పితే అంచు బియ్యపు అప్పడంలా విరిగి బల్ల మీద రాలింది. తెలుగులో మాట్లాడినవారి ప్రసంగం తెలుగులో, ఇంగ్లీషులో మాట్లాడినవారిది ఇంగ్లీషులో, ఒకే పుటలో కిందా మీదా ఉన్నాయి. పాత అచ్చులో ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అమ్మాయి వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. మధ్యాహ్నం నుంచి గ్రంథాలయం మూసే వేళ దాకా చూశాం. ఒకచోట 'శ్రీమతి జె. ఈశ్వరీబాయి' అని కనిపించగానే ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. అది మంత్రి జవాబు మీద మళ్లీ అడిగే ఒక చిన్న అనుబంధ ప్రశ్న, రెండు పంక్తులు. మేము వెతుకుతున్న చర్చ ఉన్న సంపుటం ఆ కట్టలో లేదు. మిగతా సంపుటాలు ఎక్కడున్నాయో ఆ సిబ్బందికీ తెలియలేదు.

సభాపతి గారూ, పాత చర్చల సంపుటాల్లో చాలావాటిని ఇప్పటికే స్కాన్ చేసి భద్రపరిచారని నాకు తెలుసు. అది ఎంతో విలువైన పని. అయితే ఫోటో తీసిన పుటలో పేరు పెట్టి వెతకడం కుదరదు. ఈశ్వరీబాయి గారు ఏ తేదీన, ఏ అంశం మీద, ఏ పుటలో మాట్లాడారో తెలిపే తెలుగు సూచిక కావాలి. ఆమె ప్రసంగాలను యూనికోడ్ తెలుగులో అక్షరాలా టైపు చేయించాలి. ఆమె పేరు మీద ఒక పుట తెరిస్తే 1951 వార్డు గెలుపు, 1967, 1972 ఎన్నికల ఫలితాలు, ఆ రోజుల్లో ఎల్లారెడ్డి నియోజకవర్గపు హద్దులు, అది రిజర్వుడా జనరలా అన్న వివరం, పోటీ చేసిన అందరి పేర్లు తెలుగు అక్షరాల్లో, ఆ పక్కనే ఆమె అడిగిన ప్రశ్నలు, చేసిన ప్రసంగాలు, పని చేసిన కమిటీలు వరసగా కనిపించాలి. ఎవరి మీదా పొగడ్త అక్కర్లేదు. విశేషణాలు లేని పుట అయితేనే బడిలో వాడుకోగలం. ఆమె మాట ఇవాళ మనకు నచ్చకపోయినా, ఆమె పొరపాటు పడిన చోటు ఉన్నా, అది కూడా ఉన్నది ఉన్నట్టుగానే ఉండాలి.

ఈ పనిలో ఒక చిక్కు ఉంది. 1952 నాటి 175 మంది సభ్యుల హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ మనది. 1956 నవంబరు 1 నుంచి 2014 జూన్ 2 దాకా మన సభ్యులు కూర్చున్నది ఉమ్మడి సభలో. కాబట్టి ఆ సంపుటాలు రెండు రాష్ట్రాల సభలకూ ఉమ్మడి ఆస్తి. నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర తగవులున్నా, పాత ప్రసంగాల సూచిక దగ్గర తగవు ఉండాల్సిన అవసరం లేదు. కంచికచర్ల గురించి మాట్లాడింది ఎల్లారెడ్డి సభ్యురాలు. ఆ ప్రసంగం అటువారిదీ ఇటువారిదీ. మీరు ఒక మాట కలిపితే ఆంధ్రప్రదేశ్ శాసనసభ కాదంటుందని నేను అనుకోను.

అందరినీ ఒకేసారి చేయడం సాధ్యం కాదని నాకు తెలుసు. అందుకే స్త్రీలతో మొదలుపెట్టమంటున్నాను. వారి సంఖ్య తక్కువ, వారి గురించి రాసింది ఇంకా తక్కువ. 1952లో శాలిబండ నుంచి, 1957లో పత్తర్‌గట్టి నుంచి గెలిచి మంత్రి అయిన మాసుమా బేగం గారి పేరు పాతబస్తీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 2023 ఎన్నికల్లో మన 119 స్థానాల సభకు ఎన్నికైన స్త్రీలు 10 మంది. అదే ఏడాది పార్లమెంటు 106వ రాజ్యాంగ సవరణ చేసి చట్టసభల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాక అది అమలవుతుంది. అప్పుడు ఇప్పటి 119 స్థానాల లెక్కన చూసినా దాదాపు నలభై మంది స్త్రీలు ఒకేసారి సభలో అడుగుపెడతారు. వారిలో చాలామందికి అదే మొదటి ఎన్నిక అవుతుంది. బడ్జెట్ పద్దు మీద ఎలా మాట్లాడాలో, జవాబు దాటవేసే మంత్రిని అనుబంధ ప్రశ్నతో ఎలా ఆపాలో, ఒంటరి సభ్యురాలై ఉండి కూడా సభను ఎలా వినిపించుకునేలా చేయాలో నేర్చుకోవడానికి వారికి ముందు నడిచిన వారి ప్రసంగాలు చేతిలో ఉండాలి. ఈశ్వరీబాయి గారు తనకు సంఖ్యాబలం లేని సభలో రెండు దఫాలు అదే చేశారు.

ఏటా ఆమె జయంతికి, వర్ధంతికి సభలు జరుగుతాయి. నేనూ వెళ్తాను. 1991 ఫిబ్రవరి 24న ఆమె వెళ్లిపోయిన నాటి నుంచి ఇన్నేళ్లలో ఆ సభల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆమె గురించి మాట్లాడినవారు ఎందరో ఉన్నారు. ఆమె శాసనసభలో మాట్లాడిన పుటను చేతిలో పట్టుకుని చదివినవారు మాత్రం నాకు కనిపించలేదు. వారినేమీ అనను, ఆ పుట దొరికితే కదా చదవడానికి!

ఖర్చు గురించి, మనుషుల గురించి మీ అధికారులు అడగవచ్చు. నా వంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఈ జంటనగరాల్లో వందల మంది ఉన్నారు. తెలుగు అచ్చుతప్పులు దిద్దడం మా చేతి పని. ఉర్దూ చదవగలిగినవారూ మాలో ఉన్నారు. స్కాన్ చేసిన పుటలు, ఒక గది, రెండు కంప్యూటర్లు ఇస్తే వంతులవారీగా కూర్చుని టైపు చేసిన ప్రతిని మూలంతో పోల్చి చూస్తాం. పారితోషికం అడగం. మీ సిబ్బంది పర్యవేక్షణలోనే, మీ నియమాల ప్రకారమే చేస్తాం. ఇప్పటికే నా పాత సహోద్యోగులు ఏడుగురు ఒప్పుకున్నారు. పబ్లిక్ గార్డెన్స్ పక్కన 1913లో పూర్తయిన ఆ తెల్లటి సభాభవనం ముందు నుంచి మేమంతా ఎన్నోసార్లు విహారయాత్రల్లో పిల్లల్ని నడిపించుకు వెళ్లాం. లోపల ఏం మాట్లాడారో కూడా వాళ్లకు చూపించే అవకాశం ఇప్పించండి.

మీకు వీలైన రోజున నేనూ, మా మిత్రులూ వచ్చి ఈ విన్నపాన్ని వివరాలతో సహా మీ ముందు పెడతాం. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో ఉంది. పోయిన దసరాకు మా ఇంటికి వచ్చినప్పుడు "టీచర్, నా చార్టు ఉందా?" అని అడిగింది. బీరువా మీద చుట్టి పెట్టిన చార్టు తీసి చూపించాను. ఆరో గడిలో పెన్సిలుతో రాసిన మాటను రబ్బరుతో చెరిపేసి, దుమ్ము ఊది, మళ్లీ చుట్టి నా చేతికే ఇచ్చింది. ఆ 1968 చర్చ ఉన్న సంపుటం మీ భవనంలో ఉంటే, ఆ పుటల నకలు ఒక్కటి మాకు ఇప్పించవలసిందిగా ఈ లేఖతోనే దరఖాస్తు చేసుకుంటున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు
చిలకలగూడ, సికింద్రాబాద్